తెర మీది ఆటలు – 7వ భాగం: తాళం లేని పెట్టె, చిప్పు వేసిన పెట్టె

గత భాగంలో ఆటలు ఇంకా వీధిలోనే ఉన్నాయి. కిరాణా కొట్టు పక్కన చీకటి గదిలో, చెక్కపెట్టెలో బిగించిన టీవీ ముందు నిలబడి, బిళ్ళ వేసి 'ముస్తఫా' ఆడిన పిల్లల కథ చెప్పుకున్నాం. జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ 1993లో తెచ్చిన ఆ ఆట అసలు పేరు 'క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్' అని హైదరాబాద్‌లో తెలిసినవాళ్ళు తక్కువ. అందులోని ఒక వీరుడి పేరే ఆటకు పేరైపోయింది. బడి ఎగ్గొట్టి దొరికిపోయినవాళ్ళ వీపులు విమానం మోత మోగడంతో ఆ భాగం ముగిసింది. ఇప్పుడు ఆట వీధి దాటి ఇంట్లోకి వస్తుంది. వచ్చింది కూడా దొడ్డిదారినే.

ఆ రాకను చూడటానికి హైదరాబాద్‌లో సైనిక్‌పురి మంచి చోటు. ఒక పక్క సైన్యంలో చేసి వచ్చినవాళ్ళు కట్టుకున్న ఇళ్ళు. ఊరూరా బదిలీలు తిరిగిన కుటుంబాలు కాబట్టి కొత్త వస్తువంటే బెరుకు లేదు. మరో పక్క, సైకిలేసుకుంటే పది నిమిషాల్లో, ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్. 1967లో మొదలైన ఆ సంస్థ 1969లోనే టీడీసీ-12 అనే కంప్యూటర్‌ను మన దేశంలో తయారుచేసి చూపించింది. ఆ తర్వాత ఈసీ టీవీ పేరుతో టీవీలు అమ్మింది. దాన్ని నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు పేరు మీదే పక్కన ఏ.ఎస్.రావు నగర్ వెలిసింది. ఇంకాస్త ముందుకెళ్తే మల్లాపూర్, నాచారం ఫ్యాక్టరీలు, ఆ పైన ఉప్పల్. రేడియో పాడైతే మెకానిక్ కోసం ఎదురుచూడకుండా తామే వెనక మూత విప్పే పెద్దలు ఈ దిక్కున కాస్త ఎక్కువే. మన కథలో వాళ్ళ అవసరం చాలానే పడుతుంది.

ముందు ఇంట్లోకి వచ్చిన ఆ ఆట పెట్టె సంగతి. 1983 జులైలో జపాన్‌లో నింటెండో కంపెనీ 'ఫ్యామికామ్' అనే ఆటల యంత్రాన్ని విడుదల చేసింది. తెలుపూ ఎరుపూ రంగుల్లో బొమ్మలా ఉండేది. రెండేళ్ళ తర్వాత అదే యంత్రాన్ని రూపం మార్చి అమెరికాకు పంపినప్పుడు లోపల ఒక చిన్న చిప్పు చేర్చారు. క్యాసెట్‌లో ఒకటి, యంత్రంలో ఒకటి, రెండూ ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. జవాబు సరిగ్గా రాకపోతే యంత్రం మొండికేస్తుంది. నింటెండో అనుమతి లేని క్యాసెట్ ఆడకుండా వేసిన తాళం అది. ఆ తాళం తెరవడానికి అటారీ గేమ్స్ కంపెనీ వాషింగ్టన్‌లోని కాపీరైట్ కార్యాలయానికి అబద్ధం చెప్పి మరీ ఆ చిప్పు ప్రోగ్రామ్ నకలు తెచ్చుకుంది. కోర్టులో చివాట్లు తింది. అదంతా అమెరికా గొడవ.

జపాన్ యంత్రానికి మాత్రం అసలు తాళమే లేదు. నకలు కొట్టాలనుకున్న తైవాన్, హాంకాంగ్ వ్యాపారులు ఏ యంత్రాన్ని ఎంచుకుంటారో వేరే చెప్పాలా? తాళం లేని 60 పిన్నుల జపాన్ యంత్రాన్నే ఎంచుకున్నారు. తైవాన్‌లో యూఎంసీ లాంటి చిప్పుల కంపెనీలు దాని మెదడును యథాతథంగా దింపేశాయి. ఆ నకళ్ళు రష్యాలో డెండీ అయ్యాయి. మన దేశంలో సమురాయ్, మీడియా, లిటిల్ మాస్టర్ లాంటి పేర్లతో దుకాణాల అద్దాల వెనక కూర్చున్నాయి. అందుకే సైనిక్‌పురి పిల్లలు ఆడిన మారియో అమెరికా యంత్రం వంశం కాదు, జపాన్ యంత్రం వంశం. ఆ రెంటి క్యాసెట్లు ఒకదాంట్లో ఒకటి పట్టవు. అమెరికా నుంచి మేనమామ ప్రేమగా తెచ్చిన క్యాసెట్ ఇక్కడి పెట్టెలో ఎందుకు దూరదో అర్థంకాక ఏడ్చిన పిల్లల బాధకు మూలం జపాన్, అమెరికాల మధ్య జరిగిన ఈ తాళం వ్యవహారమే.

అసలు సరుకే కొనొచ్చు కదా అంటారేమో. ధర చూడండి. 1995లో సెగా కంపెనీ మెగా డ్రైవ్ యంత్రాన్ని మన దేశంలో షా వాలెస్ సంస్థ ద్వారా అమ్మించింది. దిగుమతి సుంకం 80 శాతం ఉన్న రోజులు. ఆ భారం తప్పించుకోవడానికే ఆ ఏర్పాటు. అయినా ధర 18,000 రూపాయలు. పిల్లాడి ఆటకి కలర్ టీవీ ఖరీదు పెట్టే తండ్రి ఏ కాలనీలోనైనా ఎందరుంటారు? నకలు పెట్టె ఆ ధరలో చిన్న ముక్కకే వచ్చేది. బడి సంచి కొన్నంత తేలిక కాదు గానీ, పదో తరగతిలో ఫస్ట్ క్లాస్ తెస్తానని ఒట్టేస్తే దొరికే వస్తువు. ఆ ఒట్లు ఎన్ని నిలబడ్డాయో చరిత్రకు ఎక్కలేదు.

ఇక బిగింపు. ఈ ఘట్టం వయసు మళ్ళిన పాఠకులకు కళ్ళకు కట్టినట్టు గుర్తుంటుంది. టీవీ వెనక యాంటెనా తీగ పీకి ఆట పెట్టె తీగ గుచ్చాలి. తర్వాత టీవీ ముందు చిన్న అర తెరిచి, వేలిగోరంత చక్రాలను మెల్లగా తిప్పుతూ ఛానెల్ వెతకాలి. తెర నిండా బియ్యం జల్లినట్టు చుక్కలు. ఆ చుక్కల్లోంచి ఒక్క క్షణం గీతల గీతలుగా మారియో కనిపించి మాయమవుతాడు. "ఆగు ఆగు, వెనక్కి తిప్పు!" అని ఇంటిల్లిపాదీ అరుస్తారు. దొరికాక ఆ చక్రాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. సాయంత్రం వార్తలకు నాన్న మళ్ళీ యాంటెనా తీగ పెట్టుకుంటారు, మర్నాడు మళ్ళీ మొదటికే. "పిక్చర్ ట్యూబ్ పోతుందిరా!" అన్నది ఆనాటి ఇళ్ళలో శాసనం. కదలని బొమ్మ గంటల తరబడి నిలిస్తే ట్యూబు మీద మచ్చ పడే మాట నిజమే. కానీ మన ఇళ్ళలో ఆ వాదన ట్యూబు కోసం కాదు, సీరియల్ కోసం.

ఈ పెట్టెల్లో చాలా ఆటలకు, ఆడినంత మేరా దాచుకునే సదుపాయం లేదు. అందుకని మధ్యాహ్నం భోజనానికి పిలిస్తే ఆట పాజ్‌లో పెట్టి టీవీ మాత్రమే కట్టేసేవాళ్ళు. పెట్టె లోపల మారియో గాల్లో వేలాడుతూ ఉండేవాడు. కరెంటు పోతే అంతే సంగతులు. వేసవిలో పోకుండా ఎలా ఉంటుంది? ఎనిమిదో అంచె దాకా వచ్చి కరెంటు కోతకు బలైనవాడి ముఖం చూడలేం. ఇద్దరు ఆడేచోట మూడోవాడిది ఆటలో అరటిపండు పాత్ర. చిన్న తమ్ముడి చేతిలో తీగ పెట్టని రిమోట్ పెట్టి, "నువ్వు కూడా ఆడుతున్నావు, ఆ ఎర్ర చొక్కా నీదే" అనేవాళ్ళు. వాడు మీటలు నొక్కుతూ గెలిచానని ఎగిరేవాడు.

ఇప్పుడు క్యాసెట్ విప్పుదాం. అరచేతి వెడల్పున్న పసుపు రంగు ప్లాస్టిక్ డొల్ల. లోపల నిండా ఏదో ఉంటుందనుకుంటాం. తీరా విప్పితే అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద పచ్చటి పలక, దాని నడుమ తారు బొట్టులా ఒక నల్లటి ముద్ద. చిప్పుకు సరైన తొడుగు చేయించడం ఖర్చని, పలక మీదే చిప్పు అతికించి పైన ఎపాక్సీ జిగురు పోసేవాళ్ళు. కాళ్ళు లేవు, పేరు లేదు, నంబరు లేదు. ఎవరు చేశారో ఎక్కడ చేశారో ఆనవాలు లేదు. ఆ ముద్ద కింద కొనామీ, నింటెండో, క్యాప్‌కామ్ కంపెనీల ఏళ్ళ తరబడి కష్టం ఉంది.

క్యాసెట్ మీద '9999999 ఇన్ 1' అని రాసి ఉండేది. కోటికి ఒకటి తక్కువ ఆటలు! మెనూ తెరిచి కిందికి జరుపుతూ పోతే కథ తెలిసిపోతుంది. మారియో, కాంట్రా, డక్ హంట్, టాంకులు, సర్కస్, రోడ్ ఫైటర్... పట్టుమని పదో ఇరవయ్యో. ఆ తర్వాత అవే ఆటలు వేరే పేర్లతో మళ్ళీ మళ్ళీ. మోసమే, కాదనను. అయితే ఆ మోసంలో ఒక చిత్రం ఉంది. పేరు మారిన ఆట అచ్చంగా అదే ఆట కాదు. ఒక వరసలో కాంట్రా నొక్కితే మొదటి అంచె నుంచి మొదలవుతుంది. ఇంకో వరసలో నొక్కితే ఐదో అంచె నుంచి. మరో వరసలో చేతిలో ముందే ఎస్ గన్ ఉంటుంది, ప్రాణాలు ముప్పై ఉంటాయి. నకలు చేసినవాడెవడో ఆట మొదలయ్యే క్షణానికి ముందు మెమరీలో రెండు మూడు అంకెలు మార్చి, ఒక్క ఆటను నాలుగు చేసి అమ్మాడు. లెక్క పెంచడానికి వేసిన ఎత్తు అది. పిల్లల చేతికి అదే వరమైంది.

కాంట్రాలో ముప్పై ప్రాణాల కథకు అసలు మూలం మాత్రం జపాన్‌లోనే ఉంది. కొనామీలో కజుహిసా హషిమోటో అనే ప్రోగ్రామర్ 1986లో 'గ్రాడియస్' అనే ఆటను ఫ్యామికామ్‌కు దించుతున్నాడు. పరీక్షించడానికి కూర్చుంటే ఆట మరీ కష్టంగా ఉంది, తను రాసిన ఆటను తనే దాటలేకపోతున్నాడు. అందుకని పై పై కింద కింద ఎడమ కుడి ఎడమ కుడి బీ ఏ అని నొక్కితే ఆయుధాలన్నీ వచ్చేలా ఒక దొంగదారి పెట్టుకున్నాడు. విడుదలకు ముందు దాన్ని తీయడం మరిచారు. 1988లో కాంట్రా ఇళ్ళలోకి వచ్చినప్పుడు అదే వరస ముప్పై ప్రాణాలిచ్చింది. హషిమోటో 2020లో కన్నుమూసినప్పుడు ప్రపంచమంతా ఆ మీటల వరసనే తలుచుకుంది. మన కాలనీల్లో ఆ వరస నోటిమాటగానే పాకింది. నోట్‌బుక్ చివరి పేజీలో బాణం గుర్తులుగా ఉండేది. లెక్కల మాస్టారి కంటపడితే ఏదో కొత్త సూత్రమనుకునేంత పొందికగా గీసేవాళ్ళు. ఆ వరస తెలిసినవాడు గుట్టుగా దాచుకుని, ఎదుటివాడు అటు తిరిగినప్పుడు చకచకా నొక్కేసి, "నాకు ఆటొచ్చు, నీకు రాదు" అని బడాయి పోయేవాడు.

ఇదే కాలంలో ఇంగ్లండ్‌లో కోడ్‌మాస్టర్స్ కంపెనీ 'గేమ్ జీనీ' అనే పరికరం కనిపెట్టింది. అది క్యాసెట్‌కూ యంత్రానికీ నడుమ దూరి కూర్చుంటుంది. యంత్రం క్యాసెట్‌ను ఏదైనా అడిగినప్పుడు మధ్యలో విని, ఒకానొక ప్రశ్నకు మాత్రం అసలు జవాబు ఆపేసి తన జవాబు అందిస్తుంది. "చనిపోతే ప్రాణాల్లోంచి ఎంత తీసెయ్యాలి?" అని యంత్రం అడిగితే క్యాసెట్ "ఒకటి" అనబోతుంది. జీనీ అడ్డుపడి "సున్నా" అంటుంది. మారియో ఎన్నిసార్లు గుంతలో పడ్డా లెక్క తగ్గదు. మారియోకు ఆ మంత్రం ఆరక్షరాలు: ఎస్ ఎక్స్ ఐ ఓ పీ ఓ. అమెరికాలో గలూబ్ అనే బొమ్మల కంపెనీ దీన్ని అమ్మబోతే నింటెండో కోర్టుకెక్కింది. తన ఆటను మార్చి వేరే ఆట చేస్తున్నారన్నది అభియోగం. క్యాసెట్‌లో శాశ్వతంగా మారిందేమీ లేదు, కొనుక్కున్నవాడు తన ఇంట్లో తనకు నచ్చినట్టు ఆడుకుంటున్నాడు, అంతే అన్నాయి కోర్టులు. 1992లో అప్పీలు కోర్టు కూడా అదే మాట ఖాయం చేసింది. అమ్మకాలు ఆపించినందుకు నింటెండో ఎదురు కోటిన్నర డాలర్లు చెల్లించుకోవాల్సి వచ్చింది.

అక్కడ మోసం చేయడానికి విడిగా ఒక పరికరం కొనాలి, దానికోసం లాయర్లు కొట్టుకోవాలి. ఇక్కడ ఆ మోసం క్యాసెట్‌లోనే కలిపి వచ్చేసింది. సైనిక్‌పురి పిల్లాడికి 'మార్చని ఆట' ఎలా ఉంటుందో తెలిసే అవకాశమే లేదు. ఐదో అంచె నుంచి మొదలయ్యే కాంట్రాయే వాడి దృష్టిలో కాంట్రా. హ్యాకింగ్ అంటే కట్టుదాటిన కుర్రాళ్ళ తిరుగుబాటుగా ప్రపంచం రాసుకుంది. మన దగ్గర అది తిరుగుబాటు కాదు, కొట్లో అమ్మిన సరుకు.

ఈ మార్పుల్లో ఇంకో నష్టం జరిగింది. ఈ నష్టం గురించి మనవాళ్ళు పెద్దగా మాట్లాడరు. మారియో అసలు ఆట తెరిస్తే మొదటి తెర మీద '1985 నింటెండో' అని చిన్న వరస కనిపిస్తుంది. నకలు క్యాసెట్లలో చాలావాటిలో ఆ వరస చెరిపేశారు. కాంట్రా మీద కొనామీ పేరు మాయం. పుస్తకం అట్ట చింపి రచయిత పేరు లేకుండా చదివించినట్టు ఒక తరం మొత్తం ఆడింది. కాంట్రాలో ప్రతి మలుపూ కంఠతా వచ్చినవాడికి అది ఎవరు చేశారో తెలియదు. ఇవాళ పాత నకళ్ళను సేకరించేవాళ్ళు మొదట చూసేది ఆ తొలి తెర ఫొటోనే. ఏ అక్షరం చెరిగింది, ఏ ఏడాది లేదు, ఏ రంగు మారింది అన్నదాన్ని బట్టి ఏ నకలు ఎవరి చేతిలోంచి వచ్చిందో పోల్చుకుంటారు. శాసనాల్లో కొట్టేసిన పేర్లను చూసి రాజుల తగాదాలు పసిగట్టే పని లాంటిదే ఇదీ.

తెర ఫొటో అన్నాం కాబట్టి ఆ ముచ్చట కూడా. ఇప్పుడు రెండు మీటలు నొక్కితే తెర బొమ్మ ఫోన్‌లో పడుతుంది. అప్పుడు గొప్ప చెప్పుకోవాలంటే సాక్షి కావాలి. అమెరికాలో యాక్టివిజన్ కంపెనీ 1982లో 'పిట్‌ఫాల్' ఆట తెచ్చినప్పుడు, 20,000 పాయింట్లు దాటి టీవీ తెరను ఫొటో తీసి పంపినవాళ్ళకు చొక్కా మీద కుట్టుకునే గుడ్డ బిళ్ళ పంపేది. పిల్లలు కెమెరా పట్టుకుని టీవీ ముందు మోకాళ్ళ మీద కూర్చునేవాళ్ళు. మన ఇళ్ళలో ఆ పని చేసి చూసినవాళ్ళకు తెలుసు అది ఎంత తలనొప్పో. ఫ్లాష్ వెలిగితే తెర నిండా తెల్లటి మెరుపు, వెనక ఏమీ ఉండదు. ఫ్లాష్ ఆపితే బొమ్మ మీద అడ్డంగా నల్లటి పట్టీ. మన టీవీ బొమ్మను సెకనుకు 50 సార్లు సగం సగంగా గీస్తుంది, పూర్తి బొమ్మకు సెకనులో ఇరవై ఐదో వంతు పడుతుంది. కెమెరా కన్ను అంతకన్నా ముందే మూసుకుంటే గీయని భాగం నల్లగా మిగులుతుంది. మామూలు కెమెరాల్లో ఆ వేగం మార్చే మీటే ఉండదు. పైగా రీలులో 36 బొమ్మలు. అవి పెళ్ళికీ తిరుపతికీ దాచిపెట్టినవి. అందులో ఒకటి మారియో కోటకు ఖర్చయిందని స్టూడియోలో కడిగించాక బయటపడితే ఇక ఇంట్లో మరో కురుక్షేత్రం.

అందుకే ఆ కాలపు తెర బొమ్మలు మన దగ్గర దాదాపు మిగల్లేదు. మిగిలినవి క్యాసెట్ల మీద అచ్చువేసిన బొమ్మలు. అవి పచ్చి అబద్ధాలు. పైన కండలు తిరిగిన హాలీవుడ్ నటుడు, లోపల చుక్కంత సిపాయి. పైన ఏదో ఖరీదైన యంత్రం ఆట బొమ్మ, లోపల అదే టాంకుల ఆట. అబద్ధమని తెలిసీ కొనేవాళ్ళం. నిజమేదో చూపించే పుస్తకం మా చేతికి వచ్చేది కాదు.

కథ ఇక్కడ మలుపు తిరుగుతుంది. 1994 డిసెంబర్‌లో సోనీ జపాన్‌లో ప్లేస్టేషన్ విడుదల చేసింది. క్యాసెట్ పోయి సీడీ వచ్చింది. 90లు ముగిసే వేళకు హైదరాబాద్ నుంచి కుర్రాళ్ళు గుంపులుగా అమెరికా విమానం ఎక్కుతున్నారు, వై2కే రోజులు. సెలవులకు వచ్చే అన్నయ్య సూట్‌కేసులో చాక్లెట్ల కింద ఒక బూడిదరంగు పెట్టె. ఇంటిల్లిపాదీ చుట్టూ మూగారు. ప్లగ్గు పెట్టారు. టప్! అక్కడ కరెంటు 120 వోల్టులు, ఇక్కడ 230. సన్నటి పొగ, కాలిన వాసన. సంగతి ముందే తెలిసినవాళ్ళు ఇటుకంత బరువున్న స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొని తెచ్చేవాళ్ళు. తీరా అంతా బిగిస్తే తెర మీద బొమ్మ నలుపు తెలుపుల్లో దొర్లుతూ కనిపించేది. అమెరికా టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీ, మనది పాల్. రంగు అర్థం కాదు. ఇంతా చేసి అన్నయ్య తెచ్చిన సీడీలు రెండే. మూడోది కొనాలంటే మళ్ళీ ఎవరో ఒకరు అమెరికా నుంచి రావాలి.

ఇక దారి ఒక్కటే. ఈసీఐఎల్ చౌరస్తాలో బస్సెక్కి మల్లాపూర్, నాచారం, తార్నాక మీదుగా కోఠీ. అక్కడ గుజరాతీ గల్లీ. లేదంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, జనం నోట్లో సీటీసీ. ఆ దుకాణాల్లో మాట ఇలా సాగేది.

"అన్నా, చిప్ వేస్తే వారంటీ పోతదేమో?"

"వారంటీ ఎవడిచ్చిండు తమ్మీ నీకు?"

ఆ చిప్పు ఏం చేస్తుందో చెప్పుకోవాలి, ఎందుకంటే సోనీ వేసిన తాళం చాలా తెలివైనది. అసలు సీడీ లోపలి అంచున, ఆట సమాచారం మొదలయ్యే ముందు, గాడిని తిన్నగా కాకుండా కావాలనే సన్నగా అటూ ఇటూ ఊగేలా చెక్కుతారు. ఆ ఊపులో నాలుగు అక్షరాలు దాగి ఉంటాయి. జపాన్ సీడీకి ఒక నాలుగు, అమెరికాకు ఒక నాలుగు, యూరప్‌కు మరో నాలుగు. యంత్రం మొదట ఆ అక్షరాలు చదువుతుంది. అవి లేకపోతే ఆట మొదలవదు. ఇంట్లో సీడీ రైటర్ అంకెలన్నిటినీ నకలు తీస్తుంది గానీ గాడి ఊపును తీయలేదు. ఖాళీ సీడీలో గాడి ముందే చెక్కి ఉంటుంది మరి. అందరూ సీడీ వెనక ఉన్న నలుపే తాళమనుకునేవాళ్ళు. ఆ నలుపు అలంకారం మాత్రమే. అసలు తాళం కంటికి కనిపించదు.

దీనికి విరుగుడు ఎనిమిది కాళ్ళ చిన్న చిప్పు. పిక్ రకం మైక్రోకంట్రోలర్, మామూలు బజారు సరుకు. మెకానిక్ పెట్టె విప్పి పలక మీద నాలుగైదు చోట్ల వెంట్రుకంత తీగలు అతికిస్తాడు. యంత్రం "అక్షరాలేవి?" అని అడిగే సమయానికి సీడీ తరఫున చిప్పే ఆ అక్షరాలు చెప్పేస్తుంది. మూడు ప్రాంతాలవీ వరసగా చెప్పేస్తుంది కాబట్టి ఏ దేశపు సీడీ అయినా ఆడుతుంది. రోసిన్ పొగ, టేబుల్ ఫ్యాను గాలి, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు. పక్కన స్టూలు మీద పెట్టె యజమాని గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుంటాడు. ఒక్క తీగ పక్క బొట్టుకు తగిలితే అన్నయ్య కానుక గోవిందా. చిప్పు వేయించే ధైర్యం లేనివాళ్ళు మూత తెరిచి, మీట కింద కాగితం మడత దూర్చి, అసలు సీడీ తిరుగుతుండగానే అదును చూసి లటుక్కున తీసి నకలు పెట్టేవాళ్ళు. అదును తప్పితే సీడీ గీరుకుపోయేది.

చిప్పు వేసిన పెట్టెతో బజారే మారిపోయింది. సంచిలో పేర్చిన సీడీలు, పారదర్శకమైన కవరు, లోపల ఫొటోస్టాట్ తీసిన బొమ్మ. టెక్కెన్ 3, క్రాష్, గ్రాన్ టురిస్మో, రెజ్లింగ్. గదిలో నాలుగు పెట్టెలు, నాలుగు టీవీలు పెట్టి గంట లెక్కన ఆడించే పార్లర్లు వెలిశాయి. టెక్కెన్‌లో ఎడ్డీ అనే వీరుణ్ణి తీసుకుని కాళ్ళ మీటలు అడ్డదిడ్డంగా నొక్కి గెలిచేవాణ్ణి 'చెత్త ప్లేయర్' అని వెలేసే న్యాయం కూడా అక్కడే పుట్టింది. మెమరీ కార్డు మెడలో వేసుకోవడమొక్కటే తక్కువ. 15 అరల ఆ చిన్న ముక్కలో ఎవడి రెజ్లర్, ఎవడి కారు దాచాలన్నదాని మీద స్నేహాలు చెడిపోయాయి.

సోనీ చేతులు ముడుచుకు కూర్చోలేదు. యంత్రం వెనక ఒక సమాంతర పోర్టు ఉండేది. బ్రిటన్‌కు చెందిన డేటెల్ కంపెనీ దానికి తగిలించే 'యాక్షన్ రీప్లే' చేసింది, అమెరికాలో అదే 'గేమ్‌షార్క్'. ఇది జీనీ లాగా మధ్యవర్తి కాదు. ఆట నడుస్తుండగా మెమరీలో ఒకచోట మళ్ళీ మళ్ళీ మనం చెప్పిన అంకె రాస్తూ ఉంటుంది. కోడ్ చివర 270ఎఫ్ అని ఉంటే జేబులో 9999. పదహారు అంకెల లెక్క బడిలో రాకముందే ఇక్కడ వచ్చేసింది. ఈ పిల్లలంతా దీనివల్లే సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లయ్యారని చెప్పుకోవడం మన నగరంలో ఆనవాయితీ. నేను నమ్మను. ఎక్కువమందికి అది సెలవులు గడిచే మార్గం, అంతే. ఆ పోర్టు గుండా నకలు సీడీలు కూడా నడిపిస్తున్నారని, 1999లో తెచ్చిన 9000 వరస యంత్రాల్లో సోనీ ఆ పోర్టునే పీకేసింది.

ఆటలు చేసేవాళ్ళు ఇంకా గడుసు. 2000లో వచ్చిన 'స్పైరో: ఇయర్ ఆఫ్ ది డ్రాగన్' నకలు సీడీని గుర్తిస్తే వెంటనే ఆగిపోదు. జోయీ అనే చిట్టి దేవత ప్రత్యక్షమై, ఇది ఎవరో మార్చిన నకలు, ఇబ్బందులు రావచ్చు అని మర్యాదగా చెబుతుంది. తర్వాత మెల్లగా వస్తువులు మాయమవుతాయి, భాష మారిపోతుంది. చివరి యుద్ధం వేళ దాచుకున్నదంతా చెరిగిపోతుంది. తాళాన్ని దొంగలు వెంటనే పగలగొట్టకుండా ఆలస్యం చేయడమే వాళ్ళ ఎత్తు. రెండు నెలలు ఆపగలిగారు. ఆ రంగంలో అది పెద్ద విజయమే.

చట్టం ఏమంది? సీడీ నకలు అమ్మడం మన 1957 నాటి కాపీరైట్ చట్టం కింద ఎప్పుడూ నేరమే. అప్పుడప్పుడూ దాడులు, గోనెసంచుల్లో సీడీలు, మర్నాడు అదే గల్లీలో అవే సీడీలు. చిప్పు సంగతి వేరు. తాళం పగలగొట్టే పనిని విడిగా నేరమన్న సెక్షన్ మన చట్టంలోకి 2012 సవరణతో గానీ రాలేదు. అమెరికా 1998లోనే ఆ పని చేసింది. ఆస్ట్రేలియాలో సిడ్నీ వ్యాపారి మీద సోనీ వేసిన కేసు 2005లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్ళి సోనీ ఓడిపోయింది. ఆ చిప్పు ఆ చట్టం కింద నేరం కాదన్నారు న్యాయమూర్తులు. గుజరాతీ గల్లీలో ఆ తీర్పు గురించి ఎవరికీ తెలియదు. తెలిసినా పని ఆగదు, సాగదు.

కొత్త శతాబ్దంలో చిప్పుల ధర దిగింది, ప్లేస్టేషన్ 2 వచ్చింది, పెట్టె కొంటే చిప్పు ముందే వేసి ఇచ్చే దాకా వ్యవహారం ముదిరింది. అయితే అప్పటికే ఈసీఐఎల్ చౌరస్తా పిల్లలు ఇంకో గదిలోకి జారుకుంటున్నారు. నెట్ సెంటర్. అక్కడ చిప్పు అక్కర్లేదు, కీబోర్డు మీద పదం కొడితే చాలు, వీధిలోకి టాంకు దిగుతుంది. వచ్చే భాగంలో 'వైస్ సిటీ' ఆట చీట్ కోడ్ల చీటీలు, తెర బొమ్మను ప్రింట్ స్క్రీన్‌తో పట్టి పెయింట్‌లో అతికించిన రోజులు. ఆ తర్వాత ఈ నగరమే సొంతంగా ఆటలు చేయబూనిన ఘట్టం: 2008లో ఎఫ్ఎక్స్ ల్యాబ్స్ చేసిన 'గజిని', 2009లో అరోనా టెక్నాలజీస్ ప్లేస్టేషన్ 2 కోసం చేసిన 'హనుమాన్: బాయ్ వారియర్'. హనుమంతుణ్ణి రిమోట్‌తో ఆడించడమేమిటని అమెరికా నుంచి హిందూ మతనేత రాజన్ జెడ్ అభ్యంతరం లేవదీశారు. ఇక్కడ దుకాణాల ముందున్న ప్రశ్న వేరు: చిప్పు వేసిన పెట్టెలున్న ఊళ్ళో అసలు సీడీని డబ్బు పెట్టి కొనేదెవరు?